క్రిస్ ఎక్కడిది? అలుగును, పిడిని, ఒరను విడివిడిగా చూస్తేనే తెలుస్తుంది

క్రిస్ అంటే ఇండోనేషియా, మలేషియా వైపు బాకు. బాలిలో కొన్న క్రిస్ బాలిది కాకపోవచ్చు. మలేషియాలో ఒక మలయ్ ఇంట్లో నాలుగు తరాలుగా ఉన్న క్రిస్‌కి అలుగు, అంటే పొడిచే ఇనుప భాగం, జావాది, పిడి సులవేసి ద్వీపపు బుగిస్ జనులది, ఒర అక్కడి వడ్రంగి చేసింది అయి ఉండవచ్చు. ఇందులో మోసమేమీ లేదు. ఈ బాకు బతికిన తీరే అది. అలుగు రెండు మూడు వందల ఏళ్లు నిలుస్తుంది. కర్ర ఒర పగులుతుంది, పురుగు పడుతుంది, పిడి అరిగిపోతుంది. కొత్త యజమాని తన ఊరి మోస్తరులో వాటిని మళ్లీ చేయించుకుంటాడు. పెళ్లి కానుకగానో, యుద్ధంలో దోపిడీగానో, వ్యాపారంలో సరుకుగానో అలుగు సముద్రం దాటింది. అది దిగిన ప్రతి రేవులోనూ దానికి కొత్త బట్టలు తొడిగారు.

అందుకే ఇది ఏ ఊరిదని ఒకే ప్రశ్న వేస్తే తప్పు జవాబే వస్తుంది. అలుగు ఎక్కడిది, పిడి ఎక్కడిది, ఒర ఎక్కడిది అని మూడుసార్లు అడగాలి. మూడు జవాబులూ ఒకటైతే మంచిదే. కాకపోతే ఉన్నది ఉన్నట్టు మూడూ రాసుకోవాలి. పైకి మెరిసే పిడిని చూసి మొత్తం బాకుకి ఊరు పేరు తగిలించడమే ఈ పనిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ముందు ఇది క్రిస్సేనా?

అలుగు మొదలు దగ్గర చూడండి. క్రిస్ అలుగు అక్కడ ఒక వైపుకి ఎక్కువ, ఇంకో వైపుకి తక్కువ వెడల్పుతో ఉంటుంది. వంకీలు ఉన్నా లేకపోయినా ఈ అసమానత తప్పకుండా ఉంటుంది. వంకీలే క్రిస్‌కి గుర్తని చాలామంది అనుకుంటారు, కానీ నిటారు అలుగు క్రిస్‌లకు కొదవే లేదు.

అలుగు అడుగున అడ్డంగా, కొంచెం వంపు తిరిగి, విడిగా చేసి బిగించిన ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. జావాలో దాన్ని గొంజో అంటారు. మంచి క్రిస్‌లో గొంజోకీ అలుగుకీ మధ్య వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది. ఆ గీత చుట్టూ తిరిగి రెండో వైపుకీ వెళ్లాలి. బజారు బొమ్మ క్రిస్‌లలో అది ఉలితో పైపైన గీసిన గాడి మాత్రమే, పక్కల దగ్గర ఆగిపోతుంది. గొంజోనీ అలుగునీ ఒకే ముక్కలో చేసిన పాత క్రిస్‌లు కూడా ఉన్నాయి. కాబట్టి గీత లేనంత మాత్రాన బొమ్మ అని తీర్పు ఇవ్వకండి, మిగతావి కూడా చూడండి.

బాకు మరీ పెద్దగా, అరమీటరు దాటి, చేతిలో కత్తిలా బరువుగా ఉంటే అది దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని మోరో జనుల క్రిస్ కావచ్చు. అది పొడిచే ఆయుధం కాదు, నరికే ఆయుధం. తేడా పిడి లోపలే ఉంది. జావా, బాలి, మలయ్ క్రిస్‌లలో పిడిలోకి దిగే ఇనుప ముల్లు గుండ్రంగా, పెన్సిల్‌లా ఉంటుంది. మోరో క్రిస్‌లో అది పలకలుగా ఉంటుంది. నరికేటప్పుడు పిడిలో అలుగు గిర్రున తిరగకూడదు కాబట్టి అలా చేస్తారు. అదే కారణంతో గొంజో దగ్గర అలుగుని పిడికి కట్టేసే లోహపు పట్టీ ఒకటో రెండో ఉంటాయి, వాటిని అసంగ్ అసంగ్ అంటారు. పిడి చివర కాకతువ్వ తలలా ముక్కు, జుట్టు ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. మోరో క్రిస్‌లలో వయసుకీ ఒక గుర్తుంది. బాగా పాతవాటిలో గొంజో గీత తిన్నగా పోతుంది. తర్వాతివాటిలో అది ఒక చివర సుమారు 45 డిగ్రీలు వాలుతుంది. 20వ శతాబ్దంలో చేసిన చాలావాటిలో గొంజో విడిగా ఉండనే ఉండదు, గీత మాత్రం చెక్కుతారు.

పిడి, అలుగు ఒకే ఇనుప ముక్కలో, జానెడు పొడవులో, పిడి చోట చిన్న మనిషి బొమ్మతో ఉంటే దాన్ని మజపహిత్ క్రిస్ అని అమ్ముతారు. నిజానికి అది పూజల్లో నైవేద్యంతో పాటు పెట్టే క్రిస్, జావాలో కెరిస్ సజెన్ అంటారు. జావాలోని పాత రాజ్యమైన మజపహిత్ పేరు దానికి తర్వాత అంటగట్టినదే.

విప్పి చూసే పద్ధతి

ఒరని బల్లమీద పడుకోబెట్టి, పిడిని కదలకుండా పట్టుకుని, ఒరని వెనక్కి లాగండి. అలుగునే లాగితే దాని వాదర ఒర నోటిని కోస్తుంది. జావా క్రిస్ పిడి ముల్లుకి గుడ్డో వెంట్రుకలో చుట్టి బిగించి ఉంటుంది. అటూ ఇటూ మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. మలయ్, బుగిస్ పిడులను చాలాసార్లు చెట్టు జిగురుతో అతికిస్తారు. అవి తిప్పితే రావు, బలం పెడితే పిడి చీలుతుంది. అలాంటివి సాధారణ జుట్టు డ్రైయర్‌తో, అలుగు మొదలు గోరువెచ్చన అయ్యేదాకా వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. దంతం పిడి అయితే ఈ పని అసలు చేయకండి, దంతం వేడికి పగులుతుంది. పిడి రాకపోతే వదిలేయండి, ముల్లు చూడకుండానే చెప్పగలిగింది చాలా ఉంది.

జావా అలుగు మీది నలుపు విషం. మణిశిల, హరితాళం జాతి ఆర్సెనిక్ రాళ్లను నిమ్మరసంలో నూరి పట్టించడం వల్ల ఆ రంగు వస్తుంది. పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు ఇవ్వకండి. ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతోనో నిమ్మకాయతోనో అలుగు తోమారంటే ఆ నలుపు ఒక్క పూటలో పోతుంది. దానితో పాటే ఊరు చెప్పే మొదటి ఆధారమూ పోతుంది.

తర్వాత ఒక చీపురుపుల్ల తీసుకుని ఒరలోకి అడుగు తగిలేదాకా దించి, పొడవు గుర్తుపెట్టుకోండి. ముల్లు వదిలేసి అలుగు పొడవు కొలవండి. లోతు అలుగు కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండటం మామూలే. ఐదారు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే ఆ ఒర ఈ అలుగుకి పుట్టింది కాదు. ఒర నోరు కూడా చూడండి. గొంజో వంపుకి అచ్చు సరిపోయేలా పాత ఒరని చెక్కి ఉంటారు. ఆ నోటిలో ఒక మూల కర్ర తెల్లగా, కొత్తగా కోసినట్టు ఉంటే ఎవరో వేరే అలుగు కోసం దాన్ని పెద్దది చేశారన్నమాట.

అలుగు ఏం చెబుతుంది

అలుగు మీద తేటగా, ముదురుగా కనిపించే చారికలను పామోర్ అంటారు. నికెల్ ఉన్న లోహాన్ని, మామూలు ఇనుమును కొలిమిలో కలిపి మడిచి సాగగొడతారు. ఆ రేకులను నడుమ ఉక్కు రేకుకి రెండు వైపులా అతుకుతారు. ఆర్సెనిక్ పట్టించినప్పుడు ఇనుము నల్లబడుతుంది, నికెల్ భాగం వెండిలా మిగులుతుంది. సులవేసి ద్వీపంలోని లువు ప్రాంతపు నికెల్ ఇనుము దూరదూరాలకు ఎగుమతి అయింది. 18వ శతాబ్దపు చివర్లో మధ్య జావాలోని ప్రంబనన్ దగ్గర పడిన ఉల్కను సురకర్త రాజాస్థానం తెప్పించుకుని తన క్రిస్‌లలో వాడింది. కాబట్టి పామోర్ బాగుంది అన్నది ఊరు చెప్పే గుర్తు కాదు. అసలా నకిలీయా చెప్పే గుర్తు మాత్రమే. నకిలీలో ఆ చారికలను ఆసిడ్‌తో పైపైన గీస్తారు. వాదర అంచు మీదుగా చూడండి. నిజమైన పామోర్ రేకులు అంచు దాకా వచ్చి అరిగి, తెగి కనిపిస్తాయి, అంచు వెంట నడిమి ఉక్కు విడిగా తెలుస్తుంది. నకిలీ చారిక అంచుకి రాకముందే ఆగిపోతుంది.

ఊరు చెప్పేది చర్మం, అంటే అలుగు పైతలం. జావాలో క్రిస్‌లను జావా పంచాంగపు సురో మాసంలో కడిగి, పాత తుప్పు తీసి, మళ్లీ ఆర్సెనిక్ పట్టించే ఆచారం ఉంది. ప్రతి కడుగుడులో ఆమ్లం మెత్తని ఇనుమును కొంచెం తింటుంది, నికెల్‌ని వదిలేస్తుంది. వందేళ్ల తర్వాత ఆ అలుగు పలచబడి, వేలికి గరుగ్గా తగిలి, చారికలు పొంగి ఉంటాయి. బాలిలో అలా కాదు. అక్కడ అలుగుని నున్నగా సానపట్టి, అద్దంలా ఉంచుతారు. అందుకే పాత బాలి అలుగు బరువుగా, మందంగా, నునుపుగా చేతికి వస్తుంది.

కొలత కూడా సాయపడుతుంది. జావా అలుగులు ఎక్కువగా 33 నుంచి 38 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి. బాలివి, దాని పక్క ద్వీపం లొంబోక్‌వి 40 దాటి, కొన్ని 50 దాకా పోతాయి. బుగిస్ అలుగు పొడవు మరీ ఎక్కువ కాదు గానీ వెడల్పుగా, దిట్టంగా ఉంటుంది, మొన దగ్గర హఠాత్తుగా సన్నబడుతుంది. అరమీటరుకి అటూ ఇటూ పొడవుండి, మొదలు నుంచి మొన దాకా సన్నగా, తిన్నగా సాగితే అది సుమాత్రా, మలయ్ ప్రాంతాల కెరిస్ పాంజంగ్. పాత మలయ్ రాజ్యాల్లో మరణశిక్షకు వాడినది ఈ రకమే. భుజం సందులోంచి గుండెకు దింపడానికి ఆ పొడవు కావాలి.

వంకీల లెక్క ఊరు చెప్పదు. రెండు వైపులా ఉబ్బిన వంపులను కింద నుంచి మార్చి మార్చి లెక్కించండి, మొత్తం ఎప్పుడూ బేసి సంఖ్యే రావాలి. సరి సంఖ్య వస్తే మొదలు దగ్గరి చిన్న వంపునో, మొన దగ్గరిదాన్నో వదిలేశారు, మళ్లీ లెక్కించండి. 3 నుంచి 13 దాకా మామూలు. పదమూడు దాటినవాటిని జావాలో ప్రత్యేకంగా చూస్తారు. ఈ లెక్క అలుగు రకం పేరు చెప్పడానికి పనికొస్తుంది, దేశం చెప్పడానికి కాదు.

పిడి, ఒర: రాజ్యాల బట్టలు

ఇక్కడ గుర్తులు తేటగా ఉంటాయి. కానీ అవి బట్టల ఊరునే చెబుతాయి.

జావా మధ్యభాగంలో 1755లో మతరామ్ రాజ్యం సురకర్తగా, యోగ్యకర్తగా చీలింది. ఆ రెండు ఆస్థానాల పట్టింపు ఒరల్లోనూ కనిపిస్తుంది. ఒర నోటి దగ్గర అడ్డంగా ఉండే వెడల్పు ముక్కే ఒర తల. పడవలా రెండు చివరలు లేచిన పెద్ద ఒర తల సురకర్తలో లద్రంగ్, యోగ్యకర్తలో బ్రంగా. సురకర్తది పెద్దది, కొన చాపి తిప్పి ఉంటుంది. యోగ్యకర్తది పొట్టిగా, పొందికగా ఉంటుంది. గుండ్రని, కొనలు లేని గయమన్ రకం రెండు చోట్లా ఉంది, అది రోజువారీ వాడకానికి. పిడి నున్నని కర్ర, కొంచెం వంగిన రూపం, లోపలి వైపు చిన్న చెక్కడపు ముద్దలు రెండు. ఒకప్పటి కూర్చున్న మనిషి బొమ్మ అరిగి అరిగి ఇలా మిగిలిందని చూస్తేనే తెలుస్తుంది. ఒర కాండానికి ఇత్తడి, రాగి లేదా వెండి తొడుగు వేస్తారు, దాన్ని పెండోక్ అంటారు. తల భాగానికి మచ్చల కర్ర తిమోహో, లేదా చందనం. పాత చందనపు ఒరని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ వాసన వస్తుంది.

బాలి పిడులు కొట్టొచ్చినట్టుంటాయి. కోరలు తీసిన దేవతల, రాక్షసుల నిలువు బొమ్మలు, పిడి కింద రాళ్లు పొదిగిన ఉబ్బెత్తు ఉంగరం. ఒర పెద్దది. చాలాసార్లు లోహపు తొడుగు లేకుండా మచ్చల కర్రనే చూపిస్తారు. అయితే రాక్షసుడి పిడి అంటే బాలి అని వెంటనే అనేయకండి. జావా ఉత్తర తీరంలోని చిరెబోన్, తెగల్ ప్రాంతాల్లోనూ అలాంటి బొమ్మ పిడులు చేశారు. అవి చిన్నవి, సన్నని పనివి. బాలి బొమ్మలు దిట్టంగా, ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటాయి.

మదురా ద్వీపపు పిడులు ఐరోపా ముచ్చట్లు కలిపిన పూల చెక్కడాలు. రెక్కల గుర్రం, కిరీటం కనిపిస్తే అది మదురా.

బుగిస్ పిడి పిస్తోలు పిడిలా దాదాపు లంబంగా వంగుతుంది. ఒర చివర వెడల్పుగా విచ్చుకుంటుంది. దొరల ఒరలకు మొత్తం బంగారు రేకో వెండి రేకో కప్పేవారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 18వ శతాబ్దంలో బుగిస్‌లు రియావు, జొహోర్, సెలంగోర్‌లలో పెద్ద శక్తి అయ్యారు. వాళ్ల మోస్తరు మలయ్ ద్వీపకల్పమంతా పాకింది. కాబట్టి బుగిస్ రకం అన్నంత మాత్రాన సులవేసి నుంచి వచ్చిందని కాదు. ఒర తల పూర్తిగా గుండ్రంగా ఉండి, అలుగు దిట్టంగా ఉంటే సులవేసి వైపు మొగ్గండి. పిడి బుగిస్‌లా వంగినా ఒర తలకి మలయ్ కొనలు లేస్తే రియావు, ద్వీపకల్పం అని రాయండి.

మలయ్ ద్వీపకల్పంలో, సుమాత్రాలో మామూలుగా కనిపించేది జావా డెమామ్ అనే పిడి. జ్వరం వచ్చిన జావా మనిషి అని ఆ పేరుకి అర్థం. చేతులు ముడుచుకుని వణుకుతూ వంగి కూర్చున్నట్టే ఉంటుంది. ఉత్తరాన కెలంతన్, పటాని వైపు వెళితే తజోంగ్ పిడి దొరుకుతుంది. పెద్ద కళ్లు, కోరలు, పైకి లేచిన పొడవాటి ముక్కు. స్థానికులు దాన్ని లకుముకి పిట్ట పేరుతో పెకాకా అని కూడా అంటారు. ఒర తల కూడా దానికి తగ్గట్టు బాగా వెడల్పుగా ఉంటుంది. ఈ రకాన్ని వేరేదానితో పొరబడే అవకాశం లేదు. అందుకే నకిలీలు కూడా ఎక్కువ. పాత తజోంగ్ పిడి ముక్కు కింద, చెవుల వెనక మూలల్లో మట్టి, నూనె గట్టిపడి ఉంటాయి, చేయి పట్టే చోట చెక్కడం అరిగి ఉంటుంది. కొత్తదానికి రంగు పూస్తారు గానీ అరుగుదల సరైన చోట ఉండదు.

రెండిటి మధ్య తేల్చుకోలేనప్పుడు

జావాకీ బాలికీ మధ్య తగువే ఎక్కువ. 15వ శతాబ్దంలో మధ్య జావాలో కట్టిన సుకు గుడి గోడమీద భీముడు కమ్మరి కొలిమి దగ్గర ఆయుధాలు చేస్తుంటాడు, నడుమ గణపతి, తిత్తి దగ్గర అర్జునుడు ఉంటారు. ఆ మజపహిత్ కాలపు కమ్మరి విద్యే బాలికీ వెళ్లింది కాబట్టి పాత అలుగుల రూపాలు దగ్గరగా ఉంటాయి. బాలికి చేరిన పాత జావా అలుగును సానపట్టి నున్నగా చేసినవీ ఉన్నాయి. అప్పుడు చర్మం మాట వదిలి కొలతను, మందాన్ని నమ్మండి. 36 సెంటీమీటర్ల పలచని అలుగు ఎంత నున్నగా ఉన్నా జావాదే కావడానికి ఎక్కువ అవకాశం. బాలి, లొంబోక్ మధ్య మాత్రం పట్టుబట్టకండి. బాలిలోని కరంగసెమ్ రాజులు లొంబోక్‌ని ఏలారు, పనివాళ్లు అటూ ఇటూ తిరిగారు. బాలి లేదా లొంబోక్ అని రాస్తే చాలు.

వయసు విషయంలో మదురాలోని సుమెనెప్‌ను ఎప్పుడూ మనసులో ఉంచుకోండి. అక్కడి అయెంగ్ తొంగ్ తొంగ్ ఊళ్లో ఇవాళ్టికీ ఎందరో క్రిస్ కమ్మరులు పనిచేస్తున్నారు, మంచి అలుగులు చేస్తున్నారు. వాటిలో కొన్నిటిని బేరగాళ్లు ఆసిడ్‌లో ముంచి పాతవిగా అమ్ముతారు. సహజంగా పాతబడినది ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ తిని ఉంటుంది. వాదర అరుగుతుంది, గొంజో కింద, ముల్లు దగ్గర చర్మం బాగానే ఉంటుంది. ఆసిడ్ తిన్నది అంతటా ఒకే రకం గుంతలు, గొంజో కింది వైపు కూడా. వంపుల లోపలి మూలలు పదునుగానే మిగులుతాయి. మజపహిత్ కాలం అని ఎవరైనా ఖాయంగా చెబితే ఆధారం అడగండి. జావావాళ్లే అలుగు కాలాన్ని, చోటును తేల్చే విద్యను తంగూ అంటారు. ఆ మాటకి అర్థమే అంచనా.

రాత ఆధారం ఒక్కోసారి ఇనుము కంటే ఎక్కువ చెబుతుంది. 1342కి సరిపడే శక సంవత్సరం చెక్కి, రామాయణ ఘట్టాలున్న రాగి రేకు తొడిగిన క్రిస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. జావా యువరాజు దిపొనెగొరో క్రిస్‌ను నెదర్లాండ్స్ 2020 మార్చిలో తిరిగి ఇచ్చినప్పుడు, లైడెన్ మ్యూజియంలోని ఆ క్రిస్ ఆయనదేనని తేల్చడంలో పాత కాగితాలు, 19వ శతాబ్దపు చిత్రకారుడు రాదెన్ సాలె రాసిన వివరణ కీలకం అయ్యాయి. మీ ఇంటి క్రిస్‌తో వచ్చిన పాత రసీదు, చీటీ, గుడ్డ సంచి, ఒర మీద అంటించిన నంబరు ఏదైనా పారేయకండి. మలేషియాలోని పెరాక్, కెడా, జొహోర్‌లలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా ఇరుగుపొరుగు మలయ్ ఇంటి నుంచి క్రిస్ కానుకగా వచ్చి ఉంటే, ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో ఇచ్చారో పెద్దవాళ్ల నోట ఇప్పుడే రాయించుకోండి. అలుగు జావాదైనా, ఆ కాగితం దాని మలయ్ జీవితానికి సాక్ష్యం.

కొనాలనుకుంటే రెండు చట్టాలు గుర్తుంచుకోండి. ఇండోనేషియా 2010లో తెచ్చిన 11వ నంబరు చట్టం సాంస్కృతిక వారసత్వ వస్తువులకు 50 ఏళ్ల గీత పెట్టింది. పాత క్రిస్ దేశం దాటాలంటే అనుమతి కావాలి. దంతం పిడి ఉన్నదాన్ని మన దేశంలోకి తేవడం గానీ, ఇక్కడ అమ్మడం గానీ కుదరదు.

చివరికి కాగితం మీద ఇలా రాయండి. అలుగు: జావా, బహుశా 19వ శతాబ్దం, 35.5 సెంటీమీటర్లు, 9 వంకీలు, గొంజో విడిగా ఉంది. పిడి: బుగిస్ రకం, కొమ్ముది, జిగురుతో అతికినది. ఒర: మలయ్ ద్వీపకల్పం, నోరు ఒక మూల తర్వాత వెడల్పు చేశారు, లోతు అలుగు కంటే 4 సెంటీమీటర్లు ఎక్కువ. ప్రతి మాట పక్కనా ఖాయం, బహుశా, తెలియదు అనే మూడింటిలో ఒకటి పెట్టండి. అలుగు రెండు వైపులా, గొంజోని పైనుంచి, మొనను, ఒర నోటిని పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి ఆ కాగితంతో పాటే ఉంచండి.